తొమ్మిది ఎర్ర గుడ్డలు

సూర్యాపేటలో పాత హైవే పక్కన నాది స్పేర్ పార్టుల కొట్టు. ఎదురుగా దానియేలు రేకుల షెడ్డు. మధ్యలో రోడ్డు. ముప్పై ఏళ్లుగా మా మాటలు ఆ రోడ్డు దాటుకుంటూనే నడిచాయి. లారీ అడ్డం వస్తే మాట సగంలో ఆగేది, అది పోయాక మిగతా సగం చెప్పుకునేవాళ్లం. నా పేరు బుచ్చయ్య. నాకు నోరు ఎక్కువని మా ఇంట్లో అంటారు. దానియేలు నోట్లో నాలుక లేని మనిషి. అందుకే మా ఇద్దరికీ పొసగింది. ఇద్దరూ మాట్లాడేవాళ్లయితే వినేవాడెవడు?

దానియేలుకు వచ్చింది ఒక్కటే పని. కారు ఇంజను మీద మూతలా బిగించి ఉండే హెడ్డును విప్పి, కడిగి, బాగు చేసి, తిరిగి బిగించడం. బ్రేకులు చూడమంటే పక్క షెడ్డు చూపించేవాడు. క్లచ్చు చూడమంటే "నాకు రాదు" అనేవాడు. వినేవాళ్లకు అది వినయంలా ఉండేది. నేను మాత్రం నమ్మలేదు. హెడ్డు పనిలో తనంతటివాడు కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా లేడని అతనికి తెలుసు. మిగతా పనులు రావని చెప్పడంలో ఉన్నది ఆ గర్వమే.

అతనిది పెద్దవూర. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. పద్నాలుగో ఏట నాన్న అతన్ని మిర్యాలగూడలో జానీమియా ఉస్తాద్ షెడ్డులో వదిలి వెళ్లాడు. మొదటి రెండేళ్లు ఉస్తాద్ అతని చేతికి బోల్టులు విప్పే పానా ఇవ్వలేదు. డీజిలు డబ్బా, ఇత్తడి బ్రష్షు ఇచ్చి మసి కడగమన్నాడు. "మసి కడగనోనికి ఇంజన్ అర్థం కాదురా" అనేవాడట. మసి రంగు చూసి బండిని ఎట్లా తోలారో, నూనె ఎక్కడ కారుతోందో చెప్పడం దానియేలుకు అక్కడే వచ్చింది.

తర్వాత వాల్వులు రుద్దడం నేర్చుకున్నాడు. వాల్వు అంటే ఇంజనులోకి గాలి వచ్చే దారినీ, పొగ పోయే దారినీ తెరిచి మూసే చిన్న ఇనుప తలుపు. అది తన గుంటలో వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోవాలి. అందుకని దానికి గరుకు పేస్టు రాసి, కర్రకు అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతారు. మొదట గరగరమంటుంది. సరిగ్గా కూర్చునే వేళకు చప్పుడు మెత్తబడుతుంది. దానియేలు కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. అట్లా తిప్పీ తిప్పీ అతని అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. చెయ్యి చూసి జాతకం చెబుతానని ఒకాయన నా కొట్టుకు వస్తే, సరదాకు దానియేలును పిలిచి చేతులు చాపించాను. ఆయన చాలాసేపు చూసి, చాయ్ తాగి, ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఇక గుడ్డల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేమీ తెలియదు.

హెడ్డు ఎత్తేశాక కింద ఇంజను నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. పిస్టన్లు ఆడే నాలుగు పెద్ద గుంతలు, వాటి చుట్టూ నీళ్లు పారే రంధ్రాలు, నూనె దిగే రంధ్రాలు. పైన అంటుకున్న పాత గ్యాస్కెట్టునూ, అంటే హెడ్డుకూ ఇంజనుకూ మధ్య వేసే పలచటి రేకునూ, మసినీ గీకుతుంటే ఆ పొట్టు వాటిలో పడకూడదు. అందుకని వాటిలో గుడ్డలు కుక్కుతారు. అందరూ చేతికి దొరికిన పీలికలు కుక్కితే, దానియేలు మాత్రం తన భార్య భాగ్యమ్మ పాత ఎర్ర నూలు చీర ముక్కలే వాడేవాడు. పోగులు ఊడి లోపల పడకుండా ఆమె ప్రతి ముక్కకూ అంచు మడిచి కుట్టి ఇచ్చేది. ఎరుపే ఎందుకంటే మసిలో అదొక్కటే కంటికి ఆనుతుంది. గుంతలకు నాలుగు పెద్ద గుడ్డలు, రంధ్రాలకు జానెడు పొడవున అయిదు పట్టీలు. మొత్తం తొమ్మిది.

ఉస్తాద్ పెట్టిన నియమం ఒకటుంది. గుడ్డలు కుక్కినప్పుడు ఇంకో మనిషికి లెక్క చెప్పాలి. తీసినప్పుడు ఆ మనిషికి చూపించి లెక్క పెట్టించాలి. ఆ మనిషి నోటితో అంకె చెబితేనే హెడ్డు ఇంజను మీద కూర్చోవాలి. "నీ కండ్లు నీకు కావాల్సిందే సూపెడ్తయ్, పక్కోని కండ్లతోని సూడు" అనేవాడట ఉస్తాద్. చాలా ఏళ్లు ఆ పక్క మనిషి భాగ్యమ్మే. మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు లెక్క చూసి పోయేది.

ఆర్నెల్ల కింద ఆమెకు మోకాళ్లు పట్టేసి షెడ్డుకు రావడం మానేసింది. ఆ వారమే మేళ్లచెరువు నుంచి ఒక గుమాస్తా కారు వచ్చింది. దానియేలు ఒక్కడే లెక్క పెట్టుకుని హెడ్డు బిగించాడు. నీళ్ల రంధ్రంలో ఒక పట్టీ ఉండిపోయింది. హుజూర్‌నగర్ దాటగానే ఇంజను ఉడికిపోయి హెడ్డు పగిలింది. పన్నెండు రోజులు కూర్చుని, వేరే హెడ్డు వెతికి తెచ్చి, బాగు చేసి బిగించి ఇచ్చాడు. గుమాస్తా మంచివాడు, ఒక్క మాట అనలేదు. అనకపోవడమే దానియేలును తినేసింది.

ఆ సాయంత్రం రోడ్డు దాటి నా కొట్టుకు వచ్చాడు.

"అన్నా, ఇగ నుంచి నా గుడ్డల లెక్క నువ్వు సూడాలె."

"సూస్త తియ్. గదేమన్న పెద్ద పనా?"

"పెద్ద పనే. బైబిల్ మీద చెయ్యి వెట్టి భాగ్యకు చెప్పిన. ఇంకోసారి లెక్క తప్పితే పానా ముట్ట."

నేను నవ్వేశాను. నవ్వాల్సింది కాదు. ముప్పై ఏళ్లలో దానియేలు ఒట్టు పెట్టడం నేను వినడం అదే మొదలు. పానా ముట్టకపోతే ఆ మనిషి ఏం చేస్తాడు? ఇంకో పని రాదని నలభై ఏళ్లుగా తానే చెప్పుకుంటూ వచ్చాడాయె.

అప్పటికే బాగా అలిసిపోయాడు. హెడ్డు ఎత్తితే నడుము పట్టేసేది. నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంటే, లేవడానికి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేచేవాడు. పనీ తగ్గిపోయింది. పెద్ద గ్యారేజీల్లో హెడ్డును ఎవరూ బాగు చెయ్యరు, తీసి అవతల పారేసి కొత్తది పెడతారు. నెలకు రెండు హెడ్లు వస్తే గొప్ప. ఆ రెండింటికీ మాత్రం ఎప్పటిలాగే రెండు చాయ్‌ల పరీక్ష. వాల్వులు రుద్దాక హెడ్డును తిరగేసి, గుంటల్లో డీజిలు పోసి, మేమిద్దరం చాయ్‌కి పోయేవాళ్లం. తిరిగి వచ్చేసరికి డీజిలు ఒక్క చుక్క కూడా కిందికి దిగకూడదు. మిగతావాళ్లు ఒక చాయ్‌తో సరిపెడతారు. దానియేలు ఇంకో చాయ్ తాగి వచ్చి చూసేదాకా నమ్మడు.

మే నెలలో సైదులు కారు వచ్చింది. సైదులుది పాలకీడు. పాత తెల్ల డీజిలు కారొకటి కిరాయిలకు తిప్పుకుంటాడు, ఇల్లు దాని మీదే నడుస్తుంది. నీళ్ల పైపు కారి, స్టీరింగు ముందర ఎర్ర లైటు వెలుగుతుంటే, కిరాయి దించేదాకా ఆగుతుందిలే అని ఇరవై కిలోమీటర్లు తోలాడు. ఇట్లాంటివాళ్లను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇంట్లో పాలు పొంగుతుంటే పరుగెత్తుతారు గదా, ఇంజను పొంగితే ఎందుకు ఆపరు? గట్టిగా కడిగేశాను. దానియేలు నూనె చూసే కడ్డీ లాగి చూపించాడు. నూనెలో నీళ్లు కలిసి, పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. హెడ్డు పోయిందని సైదులుకు అర్థమైంది, తాళం తీసి దానియేలు చేతిలో పెట్టాడు.

హెడ్డు వంగింది గానీ పగల్లేదు. లేతు మిషను మీద దాని అడుగు చదును చేయించుకొచ్చి, మసి కడిగి, వాల్వులు రుద్ది, పది రోజులు పట్టించాడు దానియేలు. ఒకప్పుడు నాలుగు రోజుల పని అది. ఇప్పుడు గంట పని చేస్తే అరగంట గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు.

బిగించాల్సిన రోజు పొద్దున్నే రోడ్డు అవతలి నుంచి కేకేశాడు. "అన్నా, తొమ్మిది వెట్టిన!" నేను ఇవతలి నుంచి "తొమ్మిది!" అన్నాను. అంతవరకూ సరిగ్గానే ఉంది.

పది గంటలకు నా కొట్టులో గొడవ మొదలైంది. ఒకడు తన బండికి సరిపోని బేరింగు కొనుక్కుపోయి, సుత్తితో దాన్ని చావగొట్టి, తిరిగి తీసుకొమ్మని వచ్చాడు. వాడి మీద ఎగిరిపడుతున్నాను. ఆ మధ్యలో దానియేలు ఎడమచేతి చూపుడు వేలు గట్టిగా పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. గ్యాస్కెట్టు రేకు అంచు కోసుకుందట. నేను అటు చూడకుండానే కౌంటరు మీదున్న నల్ల టేపు తీసి నాలుగు చుట్లు బిగించి, తెంపి, "పో" అన్నాను. నా కేకలన్నీ బేరింగువాడి మీదే ఉన్నాయి.

ఇంకో పావుగంటకు దానియేలు షెడ్డు ముందు నిలబడి, గుడ్డలున్న రేకు పళ్లెం పైకెత్తి చూపించాడు.

"అన్నా, తీసిన. వచ్చి లెక్క సూడు!"

"తొమ్మిదే, తొమ్మిదే! బిగించుకో పో!" అన్నాను కూర్చున్న చోటి నుంచే.

అతను కొంచెంసేపు అట్లాగే నిలబడ్డాడు. ఒక లారీ అడ్డం వచ్చింది. అది పోయేసరికి షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు. ఆ పళ్లెంలో ఎన్ని గుడ్డలున్నాయో దేవుడి సాక్షిగా నాకు తెలియదు.

సాయంత్రానికి హెడ్డు కూర్చుంది, ఇంజను స్టార్టయింది, చప్పుడు తేటగా ఉంది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సైదులు వచ్చి కారు తీసుకుపోయాడు. కోదాడలో శోభ అనే టీచరమ్మను ఎక్కించుకుని, మిర్యాలగూడలో రైలుకు అందించాలి. పది రోజుల తర్వాత మొదటి కిరాయి. పోతూ పోతూ హారను కొట్టి మా ఇద్దరికీ చెయ్యి ఊపాడు.

కారు పోయాక దానియేలు గుడ్డలు ఉతికి తీగె మీద ఆరేశాడు. నేను షట్టరు ముందు నీళ్లు చల్లుకుంటున్నాను. తలెత్తి చూస్తే, అతను తీగె ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. తర్వాత మెల్లగా రోడ్డు దాటి వచ్చాడు.

"అన్నా, నిన్న నువ్వు లెక్క వెట్టినవా?"

"తొమ్మిది అన్న గదా."

"అన్నవ్. వెట్టినవా?"

నోరున్నవాణ్ని గదా, అబద్ధం నోటి దాకా వచ్చింది. అతని మొహం చూస్తే బయటికి రాలేదు.

"వెట్టలే" అన్నాను.

"ఎనిమిదే ఉన్నయ్ అన్నా. ఒక పట్టీ లేదు."

అతను తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. తిట్టలేదు. జేబులోంచి ఫోను తీస్తుంటే నేనే చెయ్యి పట్టుకున్నాను.

"జర ఆగు దానీలు. యాడనన్న పడ్డదేమో, గాలికి కొట్టుకపోయిందేమో. బండి మంచిగనే పోయింది గదా. షెడ్డంత ఎతుకుదాం."

"మేళ్లచెరువు బండి గూడ మంచిగనే పోయింది, హుజూర్‌నగర్ దాంక" అన్నాడు. నా చెయ్యి విడిపించుకుని ఫోను చేశాడు.

సైదులు అప్పటికి మునగాల దాటాడు. "మస్తు నడుస్తున్నది మేస్త్రీ!" అంటున్న గొంతు నాకూ వినపడింది.

"సైదులూ, పక్కకు ఆపు. ఇంజన్ బంద్ చెయ్. నేను వచ్చేదాంక మళ్ల స్టార్ట్ చెయ్యకు."

"ఏమైంది మేస్త్రీ? గాడ టీచరమ్మ ఎదురుసూస్తున్నది!"

"లోపల నా గుడ్డ ఉండిపోయిందేమో బిడ్డా. తప్పు నాదే."

అంత సూటిగా ఒప్పుకునే మెకానిక్కును ఈ ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. ఎవరైనా ఏం చెబుతారు? డీజిలు మంచిది కాదంటారు, రోడ్డు మంచిది కాదంటారు. అదృష్టం బాగుంటే ఆ కారు ఇంకో ఏడాది తిరిగేదేమో. ఫోను చెయ్యకుంటే ఎవరికీ తెలిసేదీ కాదు.

షాపు మూసి, అడక్కుండానే కొత్త గ్యాస్కెట్టు ఒకటి తీసుకుని, అతన్నీ, ఆ ఎనిమిది గుడ్డలు వేసుకున్న పానాల సంచినీ నా మోటారుసైకిలు మీద ఎక్కించుకుని బయల్దేరాను. ఎండ అప్పటికే మొహం మీద కొడుతోంది. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. దొరుకుతుందన్నాను, ఏం కాదన్నాను. దానియేలు వెనక నుంచి ఒక చోట మాత్రం "నడుము నొస్తున్నది అన్నా, జర మెల్లగ పోనీ" అన్నాడు.

కోదాడ ఇంకా కొంత దూరం ఉందనగా, ఒక పంక్చర్ షాపు పందిరి కింద సైదులు కారు ఆపి ఉంది. టీచరమ్మ వేరే కారు మాట్లాడుకుని వెళ్లిపోయిందట. సైదులు మమ్మల్ని చూసి లేవలేదు.

"పది దినాలాయె మేస్త్రీ, కిరాయి లేక. ఒక్కటి దొరికితే అదీ పాయె. గిట్లనా చేసేది?"

"తప్పే" అన్నాడు దానియేలు. బానెట్టు ఎత్తి, ఇంజను చల్లారేదాకా గంటసేపు దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు.

పంక్చర్ షాపాయన కోదాడ మనిషి, పెద్దమనిషి మాటతీరు. "ఏవండీ, అంత బాగా నడిచొచ్చిన బండిని ఎందుకండీ విప్పుతున్నారు? వినేవాళ్లు నవ్విపోతారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, ఏమని చెప్పాలి? లెక్క చూడాల్సినవాణ్ని నేనేనని చెప్పాలి గదా ముందు. నోరు మూసుకుని పానాలు అందించాను.

నిన్న బిగించిందంతా మళ్లీ విప్పాడు. నీళ్లు దింపి, పైపులు ఊడదీసి, పది బోల్టులూ అంచుల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేశాడు. తొందరపడి ఒక్కసారే వదిలితే హెడ్డు వంగుతుంది. వేలికి టేపు ఉండటంతో పానా జారుతోంది, అయినా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. రెండున్నరకు హెడ్డు లేచింది. సైదులూ నేనూ చెరోవైపు పట్టి దించాం. దానియేలు టార్చి వేసి, ఒక్కో రంధ్రంలోకీ వంగి చూశాడు. సన్నటి తీగె దించి తిప్పాడు. పంక్చర్ షాపు గాలి గొట్టం పెట్టి కొట్టాడు. నూనె మొత్తం దింపి, వడకట్టి చూశాడు. ఆ చెమటలో అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఉన్నదా?" అన్నాడు సైదులు.

"లేదు."

"మరి యాడ వాయె?"

దానియేలు మళ్లీ టార్చి వేసి వంగాడు. దొరికి ఉంటే బతికిపోయేవాళ్లం. దొరకకపోతే, మేము చూడని మూల ఎక్కడో ఉందన్న అనుమానం ఆ కారుతో పాటే తిరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మళ్లీ మొదటి నుంచి బిగించాడు. ఎంత అలిసినా ఏ ఒక్క పనీ వదల్లేదు. ఉన్న ఎనిమిది గుడ్డలే కుక్కి, ఇంజను పైభాగం తుడిచి, గుడ్డలు తీశాడు. ఈసారి సైదులు చేత ఒకసారి, నా చేత ఒకసారి లెక్క పెట్టించాడు. ఇద్దరం "ఎనిమిది" అనే అన్నాం. కొత్త గ్యాస్కెట్టు వేసి, బోల్టులు మధ్య నుంచి అంచులకు మూడు విడతలుగా బిగించాడు. చివరి విడతకు చేతుల్లో బలం లేక, పానా పిడి మీద ఒళ్లంతా వేసి వాలాడు. అయిదున్నరకు ఇంజను స్టార్టయింది. చప్పుడు నిన్నటిలాగే తేటగా ఉంది. కోదాడ దాకా పోయి వచ్చి, వేడి చూపించే ముల్లు కదలకపోవడం చూశాకే దిగాడు. సైదులు పాలకీడుకు పోతూ హారను కొట్టలేదు.

పొద్దుగూకే వేళకు సూర్యాపేటలో దానియేలు ఇంటికి చేరాం. భాగ్యమ్మ నాకు చాయ్ ఇచ్చింది. దానియేలు జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె గిన్నెలో వేణ్ణీళ్లు తెచ్చి, అతని చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"నిన్నటి సంది గీ టేపు తియ్యనిస్తలేడు అన్నా. సూడు, ఏలు ఎట్ల ఉబ్బిందో" అంటూ బ్లేడుతో టేపు కోసింది.

నల్ల టేపు ఊడొచ్చింది. దాని కింద నూనెకూ నెత్తురుకూ తడిసి గట్టిపడ్డ గుడ్డ ఒకటి ఉంది. ఆమె దాన్ని మెల్లగా విప్పి గిన్నెలో వేసింది. నీళ్లలో నలుపు వదిలేకొద్దీ ఎరుపు బయటపడింది. జానెడు పట్టీ. అంచు వెంబడి భాగ్యమ్మ కుట్టు.

ముగ్గురం గిన్నెలోకే చూస్తూ కూర్చున్నాం. అప్పుడు అర్థమైంది నాకు. వేలు పట్టుకుని వచ్చినప్పుడు నెత్తురు ఆగడానికి చేతిలో ఉన్న పట్టీనే చుట్టుకొచ్చాడు. దాని మీద టేపు చుట్టింది నేను. ఈ రెండు చేతులతో చుట్టాను.

"సంకల బిడ్డను వెట్టుకోని ఊరంత ఎతికినట్టు!" అని భాగ్యమ్మ నవ్వేసింది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఇద్దరం దానియేలు వైపు చూశాం. అతను నవ్వడం లేదు.

భాగ్యమ్మ నవ్వు ఆపేసింది. "ఇంజన్ల లేదు గదా గుడ్డ? అయితే లెక్క తప్పలే. తప్పనట్టే గదా అన్నా?" అంది నా వైపు తిరిగి.

"తప్పలే!" అన్నాను వెంటనే.

"హెడ్డు కూసుండవెట్టినప్పుడు పళ్లెంల ఎనిమిదే ఉన్నయ్" అన్నాడు దానియేలు, మెల్లగా. "తొమ్మిది అనుకోని కూసుండవెట్టిన. ఒకటి యాడ ఉన్నదో నాకు తెల్వదు. ఇంజన్ల లేకపోవుడు నా తెలివి గాదు, దేవుని దయ."

నన్ను సిగ్గు చంపేసింది. "దానీలు, తప్పు నాది. లెక్క సూడంది నేను. టేపు కట్టింది గూడ నేనే. ఒట్టు నీకెట్ల తగుల్తది?"

అతను కడిగిన వేలును దీపం వైపు తిప్పి చూసుకున్నాడు.

"కట్టింది నువ్వే అన్నా. ఏలు నాది గదా" అన్నాడు.

ఆ మాటతోనే అతను ఫోను తీసి సైదులుకు చేశాడు.

"బిడ్డా, గుడ్డ దొరికింది. నా ఏలుకే ఉండె."

సైదులు తిడతాడేమోనని నేను కాచుకుని ఉన్నాను.

"మంచిగైంది మేస్త్రీ" అన్నాడు సైదులు. "యాడ ఆగుతదో అని భయంభయంగ తోల్కుంట వచ్చిన. ఇగ నిమ్మలం."

దానియేలు ఫోను పక్కన పెట్టి, అన్నం పెట్టమని భాగ్యమ్మకు చెప్పాడు.

రెండు రోజులు షెడ్డు తెరవలేదు. మూడో రోజు పొద్దున పానాల సంచి లేకుండా నేరుగా నా కొట్టుకే వచ్చాడు. ఉతికి, మడతపెట్టిన గుడ్డలు నా కౌంటరు మీద పెట్టాడు.

"లెక్క వెట్టు అన్నా."

కౌంటరు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ఆయిలు ఫిల్టరు ఇవ్వమని తొందర చేస్తున్నాడు. వాణ్ని ఆగమన్నాను. ఒక్కో గుడ్డనూ చేతిలోకి తీసుకుని, మడత విప్పి, పక్కన పెట్టాను. నాలుగు పెద్దవి. అయిదు పట్టీలు. ఒక పట్టీ మీద మరక పోలేదు.

"తొమ్మిది" అన్నాను.

"తొమ్మిది" అన్నాడు దానియేలు. గుడ్డలు అక్కడే వదిలి, రోడ్డు దాటి, షెడ్డు ముందు ఆగకుండా ఇంటి వైపు నడిచాడు. ఒక లారీ అడ్డం వచ్చింది. అది పోయేసరికి మలుపు తిరిగిపోయాడు. నేను కౌంటరు ముందున్నవాడి వైపు తిరిగాను గానీ, వాడు ఏమి అడిగాడో గుర్తు రాలేదు.